మా ఎవాల్డ్ చేసిన సైలెన్సర్

మా తమ్ముడు ఎవాల్డ్‌కు డెబ్బై రెండేళ్ళు. నాకంటే చిన్న. మా అమ్మ అల్లిక మిల్లులో పొద్దుటి షిఫ్టుకు వెళ్ళిపోయేది కాబట్టి వాడి ముక్కు తుడిచింది నేను, బూట్ల తాళ్ళు కట్టడం నేర్పింది నేను. అందుకని వాడి గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి, నేను చెప్పింది నమ్మండి. వాడు చెడ్డవాడు కాదు. తాగుబోతు కాదు. ఆదివారం చర్చికి డుమ్మా కొట్టేవాడు కాదు. వాడికున్న జబ్బు ఒక్కటే. ఏ పనైనా తన చేత్తో తాను చేస్తే తప్ప అది అయినట్టు లెక్క కాదు.

బతుకంతా రేకుపని చేశాడు. ఇంటి కప్పుల అంచుకు నీళ్ళ కాలవలు, చిమ్నీ చుట్టూ రేకు, వానగొట్టాలు. బడి వదిలిన ఏడాదే పనిలో చేరి, మోకాళ్ళు అరిగేదాకా కప్పులెక్కాడు. మా ఊరి చర్చి గోపురం మీద రేకు వాడు వేసిందే. ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కారలేదు. పాస్టరు మారినప్పుడల్లా కొత్త పాస్టరుకు ఆ సంగతి వీడే వెళ్ళి చెప్పి వస్తాడు.

పెళ్ళి కూడా చేసుకున్నాడు. ఆ పిల్ల గుడ్రున్ మంచిదే. స్నానాలగది కట్టించడానికి మేస్త్రీని పిలుద్దామంటే వీడు ఒప్పుకోలేదు, నేనే కడతానన్నాడు. గది ఎంతకీ పూర్తి కాలేదు. ఆ పిల్ల బట్టలు నానబెట్టే తొట్టిలో స్నానం చేసి చేసి, ఒక రోజు పెట్టె సర్దుకుని ఉల్మ్ పట్నంలో చెల్లెలింటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆ తరవాత స్నానాలగది పూర్తయింది. చాలా బాగుంది, కాదనను.

మా ఇల్లు కొండవాలు మీద ఉంటుంది. పై అంతస్తు నాది, కింది అంతస్తు వాడిది, దానికీ కింద వీధి మట్టానికి గ్యారేజీ. ఆ గ్యారేజీలో వాడి కారు. దాని పొగ, చప్పుడు రెండూ వాడి కిటికీని దాటి తిన్నగా నా వంటింట్లోకి వస్తాయి. ఏ దారిన వస్తాయో నాకు తెలియదు కానీ వస్తాయి.

కారు పాతది, మన నెక్కార్ నది లోయలోనే తయారైంది. మా ఊరి పళ్ళ డాక్టరు పోయాక ఆయన భార్య కొట్టం ఖాళీ చేయిస్తుంటే గడ్డిమోపుల వెనక దొరికింది. చిన్న కారు, నేలకు కరుచుకుని కూర్చుంటుంది, ఇంజను వెనక ఉంటుంది. ఆ ఇంజనుకు నీళ్ళు పోసే పని లేదు, ఫ్యాను గాలికే చల్లబడుతుంది. తుప్పంతా గీకి, రేకంతా మార్చి, వాడే నిలబెట్టాడు. అంతటితో ఊరుకుని ఉంటే నేనీ కాగితం ఖర్చు చేసేదాన్ని కాదు.

ఊరి పైన అడవిలోంచి కొండ మీదికి ఒక రోడ్డు వెళ్తుంది. వెనకటికి దాని మీద కార్ల పందేలు జరిగేవి. ఇప్పుడు పందేలు లేవు, అయిదేళ్ళకొకసారి సెప్టెంబరులో పాత కార్లను ఒక్కొక్కటిగా పైకి వదులుతారు, అంతే. పొద్దున ఒకసారి ఉత్తినే, మధ్యాహ్నం అసలుది. జనం బెంచీలు, బీరు తెచ్చుకుని మలుపుల్లో కూర్చుంటారు. పోయినసారి ఎవాల్డ్ కూడా వెళ్ళాడు. సాయంత్రం మెట్లెక్కి నా దగ్గరికొచ్చి టోపీ తీయకుండానే కూర్చున్నాడు.

"ఏంట్రా, గుద్దేశావా?"

"లేదు."

"మరి?"

"ఎవడూ తల తిప్పలేదక్కా. ముందు కారు వెళ్ళింది, అందరూ లేచారు. నేను వెళ్ళాను, సాసేజీలు తింటున్నారు. కుట్టుమిషను పోయినట్టు పోయాను."

సైలెన్సర్ మరీ మెత్తగా ఉందట. కారు కొనుక్కున్న పళ్ళ డాక్టర్లు, వాళ్ళ పెళ్ళాలు ఉలిక్కిపడకూడదని కంపెనీ వాడు అలా పెట్టాడట. ఆ రోజునుంచి వాడి మనసులో ఒకటే పడింది. ఈ సెప్టెంబరులో తన చేత్తో చేసిన సైలెన్సర్‌తో కొండ ఎక్కాలి. దొంగతనంగా కాదు, తనిఖీ కేంద్రంలో ముద్ర వేయించుకుని, కారు కాగితాల్లో రాయించుకుని ఎక్కాలి. ముద్ర లేని కారును ఎలాగూ రోడ్డు మొదట్లోనే ఆపేస్తారు. మళ్ళీ అయిదేళ్ళకు ఆ మోకాళ్ళు క్లచ్ తొక్కుతాయన్న నమ్మకం వాడికీ లేదు, నాకూ లేదు.

ఈస్టరు అయిపోగానే పాత సైలెన్సర్ విప్పడం మొదలుపెట్టాడు. విప్పడమంటే నట్టు తిప్పితే వచ్చేదనుకునేరు. తుప్పు పట్టి ఇంజనుకు అతుక్కుపోయిన బోల్టులు. ఒకటి వేడి చేస్తాడు, నూనె పోస్తాడు, మర్నాటిదాకా ఆగుతాడు, తిప్పుతాడు, అది మధ్యలో పుటుక్కుమంటుంది. విరిగిన ముక్క లోపల ఉండిపోతుంది. దాన్ని తొలిచి తీయడానికి ఇంకో వారం. ప్రతి పుటుక్కుకూ కిందనుంచి ఒక మాట వినిపించేది. వాడికి ఆ మాట నేను నేర్పలేదు.

చివరికి మొత్తం ఊడింది. సైలెన్సర్, దానితోపాటు ఇంజను రెండు వైపులా ఉండే రేకు పెట్టెలు. ఈ పెట్టెల సంగతి చెప్పాలి, కొంపంతా వాటివల్లే మునిగింది. ఈ కారులో నీళ్ళు లేవు కాబట్టి లోపల కూర్చున్నవాళ్ళకు చలి కాచుకునే వేడి ఇంకెక్కణ్ణించీ రాదు. పొగ వెళ్ళే గొట్టాల చుట్టూ ఈ పెట్టెలుంటాయి. ఫ్యాను గాలి వాటిలోంచి వెళ్ళి, కాలుతున్న గొట్టాలను తాకి వేడెక్కి, కారు లోపలికి వచ్చి మన కాళ్ళకూ ముందు అద్దానికీ తగులుతుంది. పెట్టెలుంటే వెచ్చదనం, లేకపోతే లేదు. అంతే సంగతి, నాకే అర్థమైంది.

వంగిన మేకును కూడా సుత్తితో సాపు చేసి డబ్బాలో దాచుకునే మనిషి మా ఎవాల్డ్. అలాంటివాడు ఆ పెట్టెలను మాత్రం అదే రోజు ఎగోన్‌కు ఇచ్చేశాడు. ఎగోన్ పాత కార్ల క్లబ్బులో వాడి స్నేహితుడు, ఒకప్పుడు పోస్టు వ్యాను నడిపేవాడు, ఇప్పుడు అన్నిచోట్లా వేలు పెడతాడు. అతనికీ అలాంటి కారే ఉంది.

"ఈ బరువు నాకెందుకురా, తీసుకుపో" అన్నాడు ఎవాల్డ్.

"చలికాలం ఏం చేస్తావు?" అన్నాడు ఎగోన్.

"కోటు వేసుకుంటా."

ఆ తరవాత గొట్టాలు వంచడం. నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసుకుని, స్టీలు గొట్టాలు ముక్కలు ముక్కలుగా కోసి అతికాడు. ఇంజనునుంచి వచ్చే గొట్టాలన్నీ పాముల్లా మెలి తిరిగి ఒకచోట కలుస్తాయి. చూడముచ్చటగా ఉన్నాయి. ఆ చివర డబ్బా, డబ్బా లోపల చిల్లుల గొట్టం. ఆ చిల్లులు ఎంత ఉంటే చప్పుడు ఎలా ఉంటుందో వాడికి తెలియదు. తెలియదని ఒప్పుకోడు కదా. ఒక శనివారం పప్పు ఉడుకుతుంటే నూడుల్స్ వత్తుదామని పిండి వత్తే చిల్లుల గొట్టం కోసం చూస్తే సొరుగులో లేదు. కిందికి దిగితే అది వాడి బల్ల మీద ఉంది, పక్కన కొలిచే పరికరం.

"ఒరేయ్, అది నా పిండి గొట్టం!"

"చిల్లులు కొలుస్తున్నానక్కా. అచ్చం సరిపోయాయి."

"సరిపోతే? నీ కారుకు నూడుల్స్ పెడతావా?"

తిరిగి ఇచ్చాడు. ఎన్నిసార్లు ఉడకబెట్టినా గ్రీజు వాసన పోలేదు.

మే నెలంతా చప్పుడు కోసం వెతికాడు. డబ్బా విప్పడం, ఒక పలక తీయడం, మూయడం, ఇంజను వేయడం, వినడం, కట్టేయడం. ఒకసారి ఎండిన గొంతుతో దగ్గినట్టు ఉండేది. ఒకసారి ఖాళీ పీపా దొర్లినట్టు ఉండేది. ఒకసారి నా కప్పులన్నీ అలమరలో గలగలమని, కొక్కేనికి వేలాడే గరిటె దానంతటది ఊగింది. మధ్యాహ్నం భోజనాల తరవాత ఊరంతా నడుం వాల్చే వేళలో ఎదురింటి లీజెలోట్టే చేతిలో చీపురుతో వచ్చి నా కిటికీ కింద నిలబడింది.

"వాల్బుర్గా! మీ తమ్ముడికి గడియారం లేదా?"

"ఉంది. చెవులే లేవు."

"నువ్వు చెప్పలేవూ?"

"చర్చి గోపురం మీదున్నప్పుడు దేవుడే చెప్పలేకపోయాడు, నేనా?"

లీజెలోట్టేకు అలా సమాధానం చెప్పాను కానీ, ఆవిడ వెళ్ళాక కిందికి దిగి వాణ్ణి తిట్టింది కూడా నేనే. వాడు నా తిట్లు విన్నాడా? లేదు. తల పక్కకు వంచి, "ఇప్పుడు నువ్వు అరిచినప్పుడు ఉంది చూడు, ఆ కింది శ్రుతి, అది కావాలి" అన్నాడు.

జూన్‌లో కుదిరిందన్నాడు. నిజమే, ఆ రోజు చప్పుడు బాగుంది. గట్టిగా లేదు, లోతుగా ఉంది. తనిఖీకి బయలుదేరాడు. ఆ పొద్దున మా కొండల మీద చలి, సన్నవాన. "నువ్వు కూడా రా అక్కా" అంటే మర్యాదకు పిలిచాడనుకున్నాను. కారెక్కాక నా ఒళ్ళో మెత్తటి తోలుగుడ్డ పడేశాడు.

"ఇదేంటి?"

"అద్దం తుడవడానికి. వేడిగాలి రాదు కదా, మన ఊపిరికి మసకేస్తుంది."

"ఊపిరి పీల్చడం మానెయ్యమంటావా?"

"తక్కువ మాట్లాడితే చాలు."

ఊరు దాటకముందే ఏమీ కనిపించడం మానేసింది. వాడి వైపు తుడిస్తే నా వైపు మసక, నా వైపు తుడిస్తే వాడి వైపు మసక. "ఎడమ, ఎడమ, అక్కా, ఎడమ!" అని వాడి అరుపులు. నా కాళ్ళు మంచుగడ్డల్లా అయిపోయాయి. ఎదురుగా పాలలారీ వచ్చినప్పుడు అది లారీ అని హారన్ వల్లే తెలిసింది.

తనిఖీ చేసే మనిషి పేరు నీథామర్. కుర్రవాడే, గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అలాంటి గోళ్ళు చూస్తే ఎవాల్డ్‌కు నచ్చదు. కానీ ఆ మనిషి నేలలో ఉన్న గుంటలోకి దిగి, దీపం పెట్టి గొట్టాలన్నీ చూసి, ఒక్కో అతుకు మీదా వేలు రాసి చూశాడు. తరవాత చప్పుడు కొలిచే పరికరం కారు వెనక పెట్టి ఇంజను జోరుగా తిప్పించాడు. ఇంకోసారి. ఇంకోసారి.

"హద్దు లోపలే ఉంది" అన్నాడు. "ఎవరు చేశారండీ ఇది?"

"నేనే."

"చాలా బాగా చేశారు. ఆ కాలం నాటి పనిలాగే ఉంది. కాగితాల్లో రాసేయొచ్చు."

మా వాడు ఒక అంగుళం పొడుగయ్యాడు. అంతలో నీథామర్ కారు తలుపు తీసి, సీట్ల మధ్యనున్న చిన్న పిడి పైకి లాగి, అద్దం దగ్గర అరచెయ్యి పెట్టాడు. కాసేపు పెట్టి ఉంచాడు.

"వేడిగాలి రావడం లేదండీ."

"రాదు" అన్నాడు ఎవాల్డ్.

"మరి అద్దం మసకేస్తే?"

ఎవాల్డ్ నన్ను చూపించాడు. "మా అక్క ఉంది."

నీథామర్ నన్ను చూశాడు, నా చేతిలో తడిగుడ్డను చూశాడు. "అమ్మగారిని కారు కాగితాల్లో ఎక్కించలేనండీ."

"ఎండాకాలంలో కూడా వేడెందుకండీ?"

"పైకప్పు ఉన్న కారుకు వేడి ఉండి తీరాలి. రూలుకు ఎండాకాలం, చలికాలం లేదు. అది పెట్టుకుని రండి, సైలెన్సర్ నేనే రాసిస్తాను."

అంటే చూడండి. ఏ చప్పుడు కోసం వీడు వసంతమంతా నా ప్రాణం తీశాడో అది పాసయింది. కోటు వేసుకుంటే సరిపోతుందన్న చోట దెబ్బతిన్నాడు. ఇంటికొచ్చేదాకా నేను తుడుస్తూనే ఉన్నాను, ఈసారి నోరు మూసుకోలేదు.

ఆ సాయంత్రం ఎగోన్ వచ్చాడు. పెట్టెలు అతని కొట్టంలో ఇంకా అలాగే ఉన్నాయట.

"ఇందులో ఏడవడానికేముందిరా? పాత పెట్టెలు, పాత సైలెన్సర్ బిగించు. ముద్ర వేయించుకో. మర్నాడు విప్పి నీది పెట్టుకో. క్లబ్బులో అందరం చేసేది అదేగా! రోడ్డు మొదట్లో కాగితం చూస్తారు కానీ కారు కింద పడుకుని చూస్తారా?"

"ముద్ర దేనికి వేశారో అదే కారు కింద ఉండాలి" అన్నాడు ఎవాల్డ్.

"పోనీ పెట్టెలొక్కటి పెట్టుకుని వెనక డబ్బా నీది పెట్టుకోరా" అన్నాను నేను.

"గొట్టాలు పెట్టెల్లోనే ఉంటాయక్కా. అవి పెడితే నా గొట్టాలు తీసేయాలి. చప్పుడంతా ఆ గొట్టాల్లోనే ఉంది. అవి లేకపోతే నేను చేసింది ఒట్టి డబ్బా."

"అయితే ఎగోన్ చెప్పినట్టు చెయ్యి."

"అబద్ధమాడమంటావా?"

"ఒరేయ్, పుట్టి బుద్ధెరిగాక నేను ఒకణ్ణి అబద్ధమాడమనడం ఇదే మొదలు. అది కూడా వినవా?"

వినలేదు. ఎగోన్ చేతులు దులుపుకుని, మా పియర్ పళ్ళ సారా ఒక గుటక వేసి వెళ్ళిపోయాడు.

ఎవాల్డ్ తన గొట్టాలకు తానే తొడుగులు చేస్తానన్నాడు. ఇది రేకుపనే కదా, బతుకంతా చేసిందే కదా. కొట్టంలో నీళ్ళ కాలవలు చేయగా మిగిలిన జింకు రేకు చుట్టలు ఉన్నాయి. అది పారేస్తాడా? దాన్నే కోశాడు, మడిచాడు, గొట్టాల ఒంపుకు తగ్గట్టు వంచాడు, అంచులు ఒకదానిలో ఒకటి దూర్చి టంకం పెట్టాడు. చర్చి గోపురానికి పెట్టినట్టే. టంకం ఆ అంచు మీద పారుతుంటే చూస్తూ నిలబడిపోయాను, అబద్ధమెందుకు. చెయ్యి వణకదు, ఒక్క చుక్క పక్కకు పోదు.

చూస్తూనే అడిగాను. "ఒరేయ్, కాలే గొట్టం చుట్టూ టంకం పెడితే కరగదూ?"

"గొట్టానికి తగలదక్కా. మధ్యలో చల్లగాలి వీస్తూనే ఉంటుంది. ఫ్యాను తిరిగినంతసేపూ పైరేకు మీద చెయ్యి పెట్టొచ్చు."

పెట్టి చూపించాడు కూడా. ఇంజను తిరుగుతుండగా నా చెయ్యి పట్టుకుని పెట్టించాడు. గోరువెచ్చగా ఉంది. ఫ్యాను తిరగనప్పుడు ఏమిటని నేను అడగలేదు, వాడికీ తట్టలేదు. ఇంటి కప్పు మీద నీళ్ళ కాలవకు అలాంటి ఆలోచనే రాదు మరి. దానికి ఆగడం, నడవడం లేవు.

నల్లరంగు వేశాడు. రెండోసారి తనిఖీకి వెళ్తే అద్దం మీద వెచ్చటి గాలి. నీథామర్ తొడుగులు పట్టుకుని ఊపి చూశాడు, కదల్లేదు. మెచ్చుకుని, రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఎవాల్డ్ ఆ కాగితం నాకు చదివి వినిపించాడు. నాకు చదవడం వచ్చు, ఆ సంగతి వాడికి తెలుసు. అయినా వినిపించాడు. ఆ వారమంతా వీధి ఊడ్చే వంతు నాదైతే వాడే ఊడ్చాడు, ఎదురింటి గడప కూడా ఊడ్చాడు. లీజెలోట్టే భయపడి తలుపు వేసుకుంది.

సెప్టెంబరు ఆదివారం రానే వచ్చింది. ఆకాశం కడిగినట్టుంది. నేను రాతి గని మలుపు దగ్గర మడత కుర్చీ వేసుకుని, బంగాళాదుంపల సలాడ్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దుటి విడత మొదలైంది. కార్లు ఒకదాని తరవాత ఒకటి అడవిలోంచి వచ్చి, మలుపు తిరిగి, పైకి పోతున్నాయి. ఒక పచ్చ కారు వెళ్ళింది, అందరూ లేచి అరిచారు. దాని వెనక మా వాడు. చప్పుడు ముందు చెట్లలోంచి వచ్చింది, తరవాత కారు వచ్చింది. నా పక్కన సాసేజీ తింటున్న మనిషి నమలడం ఆపి తల తిప్పాడు. నేను కళ్ళారా చూశాను. మలుపు మధ్యలో గేరు మార్చాడు, మళ్ళీ ఊపు అందుకున్నాడు, పోయాడు. అప్పుడు నాకు కూడా, ఏమో, పిండి గొట్టం పోయినా పోయిందిలే అనిపించింది.

చివరి కారు వెళ్ళాక ఎగోన్ పైనుంచి తన జీపులో దిగి వచ్చి నా దగ్గర ఆగాడు. అతని కారు ఆ ఏడాది ముక్కలుగా ఉంది, అందుకని ట్రెయిలర్ తగిలించుకుని ఎవరికో ఒకరికి పనికొస్తుందని తిరుగుతున్నాడు.

"ఎక్కండి వాల్బుర్గా గారూ. మీ వాడు ఎవరి మాటా వినడం లేదు."

పైన గడ్డిమైదానం పక్కన కార్లన్నీ వరసగా ఆపి ఉన్నాయి. ఎవాల్డ్ కారు చుట్టూ మనుషులు. వాడు మంచి కోటుతోనే నేల మీద పడుకుని ఉన్నాడు. కారు కింద రోడ్డు మీద వెండి చుక్కలు. నేను చూస్తుండగానే ఇంకొకటి పడి అక్కడే గట్టిపడింది. ఎడమ తొడుగు అంచు విప్పుకుని నేలకు వేలాడుతోంది. కొండ ఎక్కేటప్పుడు ఇంజను నిప్పులా కాలింది. పైకొచ్చి ఆపాడు. ఇంజనుతోపాటు ఫ్యానూ ఆగింది. గాలి ఆగేసరికి గొట్టాల వేడంతా రేకు మీదికి ఎగబాకి టంకం కరిగింది. అంతే.

రోడ్డు చూసుకునే అమ్మాయి పచ్చచొక్కా వేసుకుని నడుం మీద చేతులు పెట్టుకుంది. "అలా వేలాడుతుంటే మధ్యాహ్నం పంపలేనండీ."

"తీగతో కడతాను" అన్నాడు కిందనుంచి ఎవాల్డ్.

"కడితే మళ్ళీ ఊడదా?"

ఎవాల్డ్ తీగ పక్కన పెట్టాడు.

ఎగోన్ వంగాడు. "ఒరేయ్, రెండు తొడుగులూ పీకి అవతల పారెయ్. పదినిమిషాల పని. ఎండ మండుతోంది, వేడి ఎవడిక్కావాలి? గొట్టాలు నీవే, డబ్బా నీదే, చప్పుడు నీదే. పోయి ఎక్కు!"

ఆ అమ్మాయి మంచిది. అటు తిరిగి, "నేను కాఫీ తాగి వస్తాను. వచ్చేసరికి ఏదీ వేలాడకపోతే నేనేం చూడలేదు" అంది.

అందరూ నవ్వారు. ఎవరో స్క్రూడ్రైవర్ కూడా అందించారు. ఎవాల్డ్ కారు కిందనుంచి మెల్లగా బయటికొచ్చి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"అవి తీసేస్తే ముద్ర చెల్లదు" అన్నాడు.

"ఎవడు చూస్తాడు?" అన్నాడు ఎగోన్.

"నేను చూస్తాగా."

నాకు ఎంత కోపమొచ్చిందంటే సలాడ్ డబ్బా వాడి నెత్తిన వేద్దామనిపించింది. "ఒరేయ్ ఎవాల్డ్! అయిదేళ్ళు! నా వంటిల్లు, నా కాళ్ళు, నా చెవులు! పట్టుకుని పీకెయ్యరా ఆ రేకుముక్కల్ని!"

"పీకను అక్కా."

అంత మెత్తగా అన్నాడు. చిన్నప్పుడు మందు తాగనని కూడా అలాగే అనేవాడు. మూతి బిగించడు, అరవడు, ఏడవడు. ఒట్టి వద్దనడమే. అలాంటివాణ్ణి కొట్టడానికి కూడా చెయ్యి రాదు.

కాఫీ తాగి వచ్చిన అమ్మాయి తొడుగు ఇంకా వేలాడుతుండటం చూసి తెల్లబోయింది. కారును ట్రెయిలర్ మీదికి ఎక్కించాం. ఎగోన్ జీపు ముందు సీటులో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం, మధ్యలో నేను. అవతల లోయలో మధ్యాహ్నం విడత మొదలైన చప్పుడు. ఎగోన్ ఇక ఓర్చుకోలేకపోయాడు.

"నా పెట్టెలు తీసుకోమని చెప్పానా లేదా?"

అడవి దాటాక ఎవాల్డ్ అన్నాడు. "అక్కా. మలుపు దగ్గర వినిపించిందా?"

"వినిపించింది."

"ఎలా ఉంది?"

బాగుందని ఒక్క మాట అంటే పోయేది. కానీ నాకు ఒళ్ళు మండుతోంది, పైగా నిజం చెప్పే జబ్బు ఇంట్లో వాడొక్కడికే లేదు. "బాగానే ఉంది. గేరు మార్చినప్పుడు మాత్రం రేకు గలగలమంది."

నొచ్చుకుంటాడనుకున్నాను. వాడు ఇటు తిరిగాడు. "మార్చేముందా, మార్చాకా?"

"మార్చాక."

"ఒక్కసారా, వరసగానా?"

"వరసగా. నేనేమన్నా కారు కింద పడుకున్నానా?"

"అయితే ఎడమ తొడుగు అప్పటికే వదులైంది" అన్నాడు. "టంకం ఒక్కటే కాదు. మడత కూడా తప్పు. ఇంటికప్పుకు పెట్టే మడత పెట్టాను, అక్కడ అది కాదు పెట్టాల్సింది." ఇక ఇల్లు వచ్చేదాకా రెండు చేతుల వేళ్ళూ ఒకదానిలో ఒకటి దూర్చి, విడదీసి, మళ్ళీ దూర్చి చూసుకుంటూ కూర్చున్నాడు. ఎగోన్ నన్ను చూశాడు. నేను ముందు అద్దంలోంచి రోడ్డు చూశాను.

ట్రెయిలర్ మీదనుంచి దించగానే వాడు మంచి కోటుతోనే గ్యారేజీలోకి పోయాడు. సలాడ్ నేనూ ఎగోనూ తిన్నాం.

నవంబరు వచ్చింది. ఇప్పుడు మందపాటి స్టీలు రేకు కావాలట, ఇత్తడితో అతకాలట. ఆ రేకు దొరికే కొట్టు అవతలి ఊళ్ళో ఉంది. కారులో వేడి లేదు, వేడి లేకుండా రోడ్డెక్కితే ముద్రకు ద్రోహం చేసినట్టట. అందుకని రేకు చుట్ట చంకలో పెట్టుకుని వాడు బస్సులో వెళ్ళొస్తున్నాడు.